బేస్‌బాల్ బ్యాట్ కథ

బేస్‌బాల్‌ను సూటిగా కొట్టడం ఎంత కష్టమో అందరికంటే ముందు తెలిసేది బ్యాట్‌కే. ఈ కథలోని బ్యాట్ మేపుల్ చెక్కది. అమెరికాలో లేత్ మీద నునుపు తేలి, అక్కడి స్కూలు మైదానంలో కొన్నాళ్లు ఆడి, ఒక తెలుగు కుటుంబం సామానుతో సికింద్రాబాద్‌లోని సైనిక్‌పురికి చేరింది. మాజీ సైనికాధికారుల కోసం వెలసిన ఈ కాలనీలో దానికి క్రికెట్ కిట్‌లో, విల్లో బ్యాట్ పక్కన చోటు దొరికింది.

మొదటి కష్టం ఆకారంలో ఉంది. నిబంధనల ప్రకారం బేస్‌బాల్ బ్యాట్ వ్యాసం ఎంత లావైన చోటైనా 2.61 అంగుళాలు దాటకూడదు. బంతి వ్యాసం మూడు అంగుళాలకు కాస్త తక్కువ. అంటే బ్యాట్ కంటే బంతే లావు. రెండూ గుండ్రనివే కాబట్టి దెబ్బ కొంచెం కిందికి తగిలితే బంతి నిట్టనిలువుగా లేస్తుంది, పైకి తగిలితే నేలపాలవుతుంది. చదునైన క్రికెట్ బ్యాట్‌కు 4.25 అంగుళాల వెడల్పు దాకా అనుమతి ఉంది. గల్లీలో పిల్లలు టెన్నిస్ బంతితో ఆడగా ఈ బ్యాట్‌కు అంటిన పచ్చటి నూగే ఆ తేడాకు సాక్ష్యం. మచ్చలన్నీ కొసనా, పిడి దగ్గరా ఉన్నాయి. బంతి సరిగ్గా తగలాల్సిన చోట మాత్రం ఒకటో రెండో.

రెండో కష్టం సమయం. బంతి విసిరే పిచర్‌కూ, బ్యాటర్ పక్కన నిలిచే హోమ్ ప్లేట్‌కూ మధ్య దూరం 18.44 మీటర్లు. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సుమారు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. బ్యాట్ తిప్పడానికే దాదాపు 0.15 సెకన్లు పడుతుంది. చూడటం, తేల్చుకోవడం మిగిలిన పావు సెకనులోనే జరగాలి. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్ బంతి పిచ్‌పై పడి వేగం తగ్గి వస్తుంది కనుక ఇంకాస్త వ్యవధి దొరుకుతుంది. అయితే పడ్డాక అది ఎటైనా తిరగవచ్చు. బ్యాట్‌ను చేరే ముందు చివరి 0.2 సెకన్లలో బంతి దారి మారితే మేటి ఆటగాళ్లు కూడా సర్దుకోలేరని పరిశోధకుడు పీటర్ మెక్లియడ్ 1987లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. అందుకే రెండు ఆటల్లోనూ కంటిచూపు కంటే అంచనా ముఖ్యం. బంతి చేయి దాటకముందే మణికట్టును చూసి దాని రాకను పసిగట్టాలి.

ఆ అంచనా ఒక ఆట నుంచి మరో ఆటకు సులభంగా బదిలీ కాదు. బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్ 1994లో బర్మింగ్‌హామ్ బారన్స్ తరఫున బేస్‌బాల్ ఆడితే బ్యాటింగ్ సగటు .202 దగ్గరే ఆగింది.

వేగం ఒక్కటే కష్టానికి కొలత కాదు. అమలాపురం కుర్రాడు, బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు నెలకొల్పాడు. కానీ షటిల్ ఈకలకు గాలి అడ్డుపడి ఆ వేగం క్షణాల్లో పడిపోతుంది. బేస్‌బాల్ అంతగా నెమ్మదించదు.

చివరిది తప్పుకు పడే శిక్ష. బేస్‌బాల్‌లో పదింట మూడుసార్లు హిట్ సాధించినవాడు గొప్ప ఆటగాడు. 1941లో టెడ్ విలియమ్స్ సాధించిన .406 సగటును నేటికీ చెప్పుకుంటారు. క్రికెట్‌లో బంతిని వదిలేయవచ్చు, డిఫెన్స్ ఆడవచ్చు, ఏ వైపైనా కొట్టవచ్చు. కానీ ఒక్క పొరపాటుతో ఇన్నింగ్స్ ముగియవచ్చు. సైనిక్‌పురిలో చదువుకున్న క్రికెటర్ అంబటి రాయుడు 2002లో పదిహేడేళ్లకే ఆంధ్రపై ఒకే రంజీ మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ కొట్టాడంటే అన్ని గంటలు ఆ పొరపాటును దూరం పెట్టాడన్నమాట.

కాబట్టి ఒక్క బంతిని తీసుకుంటే దాన్ని సూటిగా కొట్టడం బేస్‌బాల్‌లోనే ఎక్కువ కష్టం. వందల బంతులపాటు తప్పు చేయకుండా నిలవడం క్రికెట్‌లో ఎక్కువ కష్టం.