మడి కట్టుకున్న అక్షరం

కోలారు జిల్లాలో పుట్టినవాడికి మూడు భాషలు ఊరికే వస్తాయంటారు. నాకు రెండున్నరే వచ్చాయి. మిగతా అర, తమిళంలో ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయింది.

నరసాపురంలో బెంగళూరు రోడ్డు పక్కన అరటిపండ్ల బండి. కేజీఎఫ్ నుంచి రోజూ ఫ్యాక్టరీకి వచ్చే తమిళ మిత్రుడి ముందు గొప్పగా "వాళపళం" అన్నాను. "అట్ల కాదప్పా! వాఴైప్పఴం" అన్నాడు. (ఆ అక్షరం మీకు ఖాళీ గడిగా కనిపిస్తే తప్పు నాది కాదు. ఈ తెలుగు ఴ యూనికోడ్‌లోకి ఎక్కిందే 2014లో. కన్నడంవాళ్లది ఇంకా అన్యాయం. వాళ్ల అక్షరాన్ని పొరపాటున 'ఫ' అని నమోదు చేశారు. అక్కడ ఒకసారి పెట్టిన పేరు మార్చరట!)

"నాలుక కొన వెనక్కి మడువు, 'ళ'కు మాదిరే. అంగిలికి మాత్రం తగలనీకు. గాలి పక్కలనుంచి కాదు, నడిమినుంచి పోవాల."

అచ్చం మడి కట్టుకున్న మా అవ్వే. గడపదాకా వస్తుంది, దేన్నీ తాకదు. నా నాలుకకు అంత నిష్ఠ ఎక్కడిది? తగిలితే ళ, భయపడి దిగితే ర, మధ్యలో ఇరుక్కుంటే దగ్గు.

వారం రోజులు హెల్మెట్ లోపల సాధన చేశాను. ఇంట్లోనూ మొదలుపెట్టేసరికి మా ఆవిడ నోరు తెరిపించి, టార్చి వేసి, పుండు కోసం వెతికింది.

"బాధపడొద్దు, మావాళ్లే శానామంది పళం అంటారు, కొందరు పయం అంటారు" అని మిత్రుడు ఓదార్చాడు. పైగా 'తమిఴ్' అన్న మాట చివర కూర్చున్నదీ ఇదే. సొంత భాష పేరే నాలుకకు పరీక్ష!

అసలు అవమానం తర్వాత తెలిసింది. ఇది మన పాత శాసనాల్లోనూ ఉందట. నన్నయ నాటికే వదిలించుకున్నాం, చాలాచోట్ల 'డ' చేసి. వాళ్ల ఏఴు మనకు ఏడు, నిఴల్ నీడ. ఏడుపుకూ మూలం ఇదేనంటే నమ్మాను, వారంగా అనుభవిస్తున్నాను కనక. కన్నడం ఇంకొన్నాళ్లు పట్టుకు వేలాడింది. 13వ శతాబ్దంలో వాళ్ల వ్యాకరణకర్త కేశిరాజు, ఏ మాటల్లో ఈ అక్షరం రాయాలో జాబితా కట్టి ఇచ్చాడు. అంటే అప్పటికే జనం నాలుకలన్నీ నా దారిలో ఉన్నాయన్నమాట.

ఆదివారం కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేటలో చికెన్ అంగడికి వెళ్లాను. గొంతు సవరించుకుని, నాలుక మడిచి, "ఒరు కిలో కోఴి" అన్నాను. పలికింది! ఎక్కడా తగల్లేదు!

అంగడాయన తలెత్తకుండానే అన్నాడు: "కోడే కదన్నా, స్కిన్నుతోనా, స్కిన్‌లెస్సా?"