సముద్రం కొంచెం కనపడును

మే నెలలో తల్లాడ సెంటర్లో నిలబడితే సత్తుపల్లి బస్సు కన్నా ముందు వడదెబ్బ వస్తుంది. ఆ ఎండ చూసి మా అల్లుడు జాలిపడ్డాడు. "మామయ్యా, అత్తయ్యని తీసుకుని మూడు రోజులు వైజాగ్ వెళ్ళి రండి. బీచ్ రిసార్ట్ బుక్ చేశా" అన్నాడు. అల్లుడికి మనం పెట్టాలి గానీ, అల్లుడు మనకి పెడితే ఓ చిక్కుంది. వంక పెట్టకూడదు. అందుకే అక్కడ నోరు మూసుకుని ఇక్కడ కాలమ్ తెరిచాను. రిసార్ట్ పేరు మాత్రం అడక్కండి. చెబితే అద్దె ఎంతో మీరు ఫోన్లో చూసేస్తారు. ఆ అంకె నాకే ఇంకా అరగలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నన్నాళ్ళూ తల్లాడ వాడికి కూడా 974 కిలోమీటర్ల సముద్రతీరం ఉండేది. లెక్కల్లోనే అనుకోండి. 2014 జూన్ 2న అదీ పోయింది. కాబట్టి ఖమ్మంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంటే, ఆస్తి పంపకాల్లో అన్నకి పోయిన పొలం చూడ్డానికి పోతున్నట్టు అనిపించింది.

రైలు తెల్లారేసరికి దింపింది. ఆరున్నరకల్లా రిసార్ట్ గుమ్మంలో ఉన్నాం. ఓ అమ్మాయి చేతులు జోడించి, నీలం రంగు షర్బతు ఇచ్చి, గది మధ్యాహ్నం రెండింటికి ఇస్తామంది. మన ఊళ్ళో చుట్టం పొద్దున్నే దిగితే ముందు వేన్నీళ్ళు పెడతాం, ఆనక ఎందుకొచ్చావని అడుగుతాం. ఇక్కడ ముందు ఆధార్ కార్డు. ఏడున్నర గంటలు సోఫాలో కూర్చున్నాం. వైరా బస్టాండులో కూర్చున్నట్టే ఉంది, కాకపోతే అక్కడైతే పల్లీలన్నా దొరుకుతాయి.

మా గదికి 'పార్షియల్ సీ వ్యూ' అని పేరు. బాల్కనీలో కుర్చీ ఎడమ మూలకి జరిపి, కమ్మీ పట్టుకుని, తల కొంచెం బయటికి వంచితే కొబ్బరిచెట్టుకీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య అరచేతి వెడల్పున సముద్రం కనిపిస్తుంది. బంగాళాఖాతం 20 లక్షల చదరపు కిలోమీటర్లు దాటి ఉంటుందట. మా వాటాకి వచ్చింది ఇదీ. మా ఆవిడ చూడాలంటే నేను లేవాలి. వంతులు వేసుకుని చూశాం.

అసలు కథ స్నానాల గది. మంచానికీ దానికీ మధ్య గోడ లేదు, అద్దం ఉంది. నున్నగా, మరక లేకుండా తుడిచిన అద్దం. ముప్ఫయ్యారేళ్ళ కాపురంలో మా ఆవిడ ఇంత కోపంగా నన్ను చూడలేదు, అద్దం నేనే బిగించినట్టు. ఫోన్ చేస్తే కుర్రాడొచ్చి "ఇది రొమాంటిక్ కాన్సెప్ట్ సర్" అన్నాడు. తెర ఉందా బాబూ అంటే లేదన్నాడు. మా ఆవిడ పెట్టె తెరిచి, గద్వాల చీర ఒకటీ పోచంపల్లి ఒకటీ తీసి, ఈ చివర నుంచి ఆ చివరకి కట్టింది. పెళ్ళిళ్ళకి దాచుకున్న చీరలు మూడు రోజులు ఆవిరి పట్టాయి. ఆ సంగతి అల్లుడికి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

సాయంత్రం లుంగీ కట్టుకుని ఈతకొలనుకి పోయాను. వైరా రిజర్వాయర్లో ఈత నేర్చినవాణ్ణి. కాపలావాడు ఆపాడు. నైలాన్ దుస్తులే వేసుకోవాలట, లుంగీ నిషేధం. సరే, సముద్రంలో దిగుదామని పోతే అక్కడ ఎర్రజెండా. ఆ ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, అలలు వెనక్కి లాగుతాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. ఈలవేసి ఆపిన కాపలావాణ్ణి తప్పుపట్టను. కానీ ఒడ్డున ఇసకలో 'ప్రైవేట్ బీచ్' అని బోర్డు ఎందుకు? పోటు గీతకి దిగువన ఉండే ఇసక ఏ హోటలుదీ కాదు, సర్కారుది. 1991 నుంచీ తీరానికి నిబంధనలున్నాయి. నీళ్ళలోకి దిగనివ్వని సముద్రానికి కంచె మాత్రం బాగా కట్టారు.

రాత్రి చేప అడిగాను. వైజాగ్‌లో చేప అడక్కపోతే తిరుపతిలో లడ్డు వద్దన్నట్టే. "బాసా ఉంది సర్" అన్నాడు. అదేం చేపయ్యా అని ఆరా తీస్తే, ఎక్కడో వియత్నాంలో మెకాంగ్ నదిలో పుట్టిన జాతి. మంచినీళ్ళ చేప! అలల చప్పుడు వింటూ ఏటి చేప తినడానికి మేం అంత దూరం పోవాలా? వైరాలో రవ్వ దొరకదా, బొచ్చె దొరకదా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం సర్ అని వాడే వివరించాడు. గుడ్లుపెట్టే కాలం, నిజమే. మర్నాడు గేటు బయటికి వస్తే తెప్పల మీద పోయొచ్చినవాళ్ళ నెత్తళ్ళు గంపలో పెట్టుకుని ఓ ముసలమ్మ కూర్చునుంది. తెప్పకి ఆ నిషేధం లేదు. "తీసుకో బావూ, ఇప్పుడే వచ్చినాయి" అంది. తీసుకుని వండించేదెక్కడ? బయటి తిండి లోపలికి తేకూడదని గేటు మీదే రాసుంది.

ఋషికొండ చూపిస్తానన్న ఆటో ఎక్కాం. ఆ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. 2025 మొదట్లో కుక్కలూ చెత్తా ఎక్కువయ్యాయని జెండా కొన్నాళ్ళు దించారు, మళ్ళీ ఎగరేశారు. పక్కనే కొండ మీద ఆ భవనాలు. టూరిజం వాళ్ళ పాత హరిత రిసార్ట్ కూల్చి, 400 కోట్లకి పైగా పోసి కట్టినవి. 2024 జూన్‌లో తలుపులు తెరిస్తే స్నానాల తొట్టి కూడా టీవీల్లోకి ఎక్కింది. అక్కడ సముద్రం కొంచెం కాదు, ఎటు చూసినా సముద్రమే. మేం చూసేనాటికి ఒక్క అతిథి బస చేయలేదు కాబట్టి ఒక్క ఫిర్యాదూ లేదు. మా ఆవిడ కాసేపు కొండకేసి చూసి, "స్నానాల గదికి గోడుందో లేదో" అంది.

మూడో రోజు బిల్లు. గది అల్లుడు కట్టాడు, తిండి మాది. రోజు అద్దె 7,500 దాటిన హోటల్లో తిండి మీదా 18 శాతం జీఎస్టీ. పెరుగన్నానికి కూడా. దాని కింద సర్వీస్ చార్జి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దీన్ని బలవంతంగా వేయకూడదంది కదా బాబూ అన్నాను. కుర్రాడు మారుమాట లేకుండా కొట్టేశాడు. "మీరు తల్లాడ అన్నారు కదా సర్, చెప్పారు కాదు" అన్నాడు. ఏం చెప్పాలో నాకిప్పటికీ తెలీదు.

ఇంటికొచ్చేసరికి ఫోన్లో రిసార్ట్ వాళ్ళు నక్షత్రాలు అడుగుతున్నారు. బుకింగ్ అల్లుడి పేరు మీద ఉంది కదా, అయిదూ ఇచ్చాను. ఆ అబ్బాయి ఫోన్ చేసి "ఎలా ఉంది మామయ్యా?" అంటే "బ్రహ్మాండం" అన్నాను. ఇంకేముంది! నెలలు తిరక్కుండానే మళ్ళీ ఫోన్. హైదరాబాద్ కొత్వాల్‌గూడలో 35 ఎకరాల్లో కృత్రిమ బీచ్ కడతారట, అది తెరవగానే మొదటి గది మీకే అంటున్నాడు.

నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి మా ఆవిడ, "చీరలు ఎన్ని పెట్టుకోవాలో అడగండి" అంది.