ఎన్ని చుక్కలిద్దాం?

పెళ్లి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటున్న తెలుగువాణ్ణి పట్టుకుని "భోజనాలు ఎలా ఉన్నాయండీ?" అని అడిగి చూడండి. "పర్లేదు" అంటాడు. ఆడపెళ్లివారు పొలం అమ్మి ముప్ఫై రకాలు వడ్డించినా ఆ పర్లేదుకి పైన ఒక్క అక్షరం రాలదు. మరీ మొహమాటస్తుడైతే "బానే ఉన్నాయి, కానీ" అంటాడు. ఆ కానీ తరవాతదే అసలు అభిప్రాయం. గుత్తివంకాయలో కారం చచ్చింది, పెరుగు పులిసింది, వియ్యంకుడు మా వరస దగ్గరికొచ్చి పలకరించలేదు. మూడోది వంటకం కాదు గానీ మొదటి రెండూ చెడిపోయింది దానివల్లే.

ఈ విద్యలో పండిన కుటుంబం ఒకటి, అనగా మాది, ఈమధ్య పారిస్‌లో ఒక ఖరీదైన పాటిస్సెరీ ముందు క్యూలో నిలబడింది. పేరు చెప్పను. చెబితే అల్లుడి మీద చెప్పినట్టుంటుంది, తీసుకెళ్లింది ఆయనే. కేకులమ్మే కొట్టు ముందుభాగం, కూర్చుని టీ తాగే హాలు వెనకభాగం. ఆ హాలుని 'సలోన్ ద తే' అంటారట. మా ఆవిడ చెవికి అందులో సెలూన్ ఒక్కటే వినపడింది. క్షవరమైతే గాని వివరం తెలియదని మన పెద్దలన్నది ఆ తలుపు దగ్గర నిలబడే అయ్యుంటుందని తరవాత బిల్లు చూశాక నాకు అనిపించింది.

క్యూ నలభై నిమిషాలు. గుడి క్యూలో స్థలపురాణం చదివినట్టు అల్లుడు ఫోన్ తీసి ఇంతకుముందు వచ్చిపోయినవాళ్ల అభిప్రాయాలు చదివి వినిపించాడు. ఒకాయనకి తీపి ఎక్కువైంది, ఇంకొకాయనకి చాల్లేదు. ఒకావిడ హాట్ చాకొలెట్ తాగి కన్నీళ్లు పెట్టుకుంది. ఇంకొకావిడా పెట్టుకుంది, బిల్లు చూసి. ఒకతను అయిదు చుక్కలకి ఒకే ఒక్క చుక్క ఇచ్చాడు. ఎందుకయ్యా అంటే ఆరోజు వాన, క్యూలో తడిశాడట. అందరికంటే నాకు నచ్చినవాడు అసలు లోపలికే వెళ్లలేదు. క్యూ పొడుగు చూసి వెనక్కి తిరిగి, బసకెళ్లి పడుకుని, రెండు చుక్కలు ప్రసాదించాడు.

క్యూకి ఇంకో మహిమ ఉంది. అంతసేపు నిలబడి లోపలికెళ్లినవాడు కేకు బాగాలేదని చచ్చినా అనలేడు. అంటే నలభై నిమిషాలు కాళ్లు పీకేలా నిలబడ్డ తెలివితక్కువతనం కూడా ఒప్పుకోవాలి. అందుకే బయటికొచ్చే ప్రతి మొహంలోనూ వైకుంఠ ద్వార దర్శనమైనంత ప్రశాంతత. ఆ మొహాలు చూసి క్యూ ఇంకాస్త పెరుగుతుంది.

ఈ కొట్ల పుట్టుక మాత్రం ఎగతాళి చేసేది కాదు. 1862లో లూయీ ఎర్నెస్ట్ లాదురే అనే ఆయన రూ రాయల్‌లో రొట్టెల బేకరీ పెట్టాడు. 1871లో పారిస్ కమ్యూన్ తిరుగుబాటు గొడవల్లో అది తగలబడింది. తిరిగి నిలబెట్టేటప్పుడు రొట్టె కాస్తా పేస్ట్రీ అయింది, పైకప్పు మీద జూల్ షెరే అనే చిత్రకారుడు బొద్దు దేవదూతల్ని గీశాడు. ఆ రోజుల్లో పారిస్ కఫేలు మగవాళ్ల అడ్డాలు. ప్రపంచం ఎలా నడవాలో అభిప్రాయాలు చెప్పేది వాళ్లు. పరువుగల ఆడమనిషి ఒంటరిగా కఫేలో కూర్చోవడానికి లేదు. కఫేనీ పేస్ట్రీ కొట్టునీ ముడేస్తే ఆడవాళ్లు తోడు లేకుండా కూర్చోగల చోటు దొరికింది. అదే టీ సలోన్. మన ఇరానీ హోటళ్లలో 'ఫ్యామిలీస్' అని రాసిన బల్లచెక్క గది, దాని తెర గుర్తున్నవాళ్లకి ఈ సంగతి విప్పి చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే మనం తెర కట్టాం, వాళ్లు అద్దాలు పెట్టారు.

1903లో ఆంటోన్ రుంపెల్‌మాయర్ అనే ఆస్ట్రియా మిఠాయివాడు రూ ద రివోలీలో, ట్విలరీ తోటకి ఎదురుగా ఇంకో టీ సలోన్ తెరిచాడు. తరవాత దానికి ఆయన కోడలి పేరు వచ్చింది. ఆంజెలినా. నేను ముప్ఫయ్యేళ్లుగా ఉభయగోదావరులూ కృష్ణా గుంటూరూ తిరిగినవాణ్ణి. బోర్డు మీద తాతగారి పేరు చూశాను, దేవుళ్ల పేర్లు చూశాను, మామగారు కోడలి పేరు రాయించిన మిఠాయికొట్టు ఒక్కటీ కంటబడలేదు. ఈ ముక్క క్యూలో చెబితే మా ఆవిడ "మీ నాన్నగారు నా పేరు రేషన్ కార్డులోనే తప్పు రాయించారు" అంది. పారిస్‌కి ఆమె ఇచ్చిన మొదటి పూర్తి చుక్క అదే.

లోపలికి వెళ్లాం. ఫ్రాన్సులో కొట్లోకి అడుగుపెడుతూనే బోఁజూర్ అనాలి. అనకుండా "నలుగురికి టేబుల్" అన్నవాడు, మన ఇంటికొచ్చి బాగున్నారా అనకుండా కాఫీ ఏదీ అన్నవాడితో సమానం. వడ్డించేవాళ్లకి పొగరని రాసే కస్టమర్లలో బోఁజూర్ మింగేసినవాళ్లు ఎందరో ఎవరైనా లెక్క తియ్యాలి. బిల్లూ అంతే. మన దగ్గర ఇడ్లీ ఆఖరి ముక్క చట్నీలో ఉండగానే సోంపు గిన్నె కింద బిల్లు ప్రత్యక్షమవుతుంది. వాళ్ల లెక్కలో అడక్కుండా బిల్లు తేవడమంటే లేచి వెళ్లమనడం. ఆ మర్యాదకి మనవాళ్లు "గంటసేపు పట్టించుకోలేదు" అని ఒక చుక్క కోస్తారు. నీళ్లకి ఇంకో చుక్క పోతుంది. ఊరికే నీళ్లంటే సీసా వస్తుంది, సీసాకి రేటుంటుంది. 'కరాఫ్' అని అడిగితే కుళాయి నీళ్లు జగ్గులో పైసా లేకుండా వస్తాయి. తాగే నీళ్లు ఉచితంగా అడగొచ్చని మెనూలో కనపడేలా రాయాలని 2022 నుంచి అక్కడ చట్టమే ఉంది. మెనూ చదివే కస్టమర్లు ఉండాలిగా. అందరూ మెనూకి ఫోటో తీస్తారు.

మేం వెళ్లింది శనివారం. మా ఆవిడ శనివారం గుడ్డు ముట్టదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఏడుకొండలవాడికిచ్చిన మాట. ఫ్రెంచి పేస్ట్రీకి గుడ్డుతో అంతకన్నా పాత ఒప్పందం ఉంది. మాకరాన్ అంటే బాదం పొడి, పంచదార, గుడ్డు తెల్లసొన. మొఁబ్లాఁ అంటే జంతికల గొట్టంలోంచి ఒత్తినట్టు చెస్ట్‌నట్ ముద్ద తీగలు తీగలుగా, దాని కింద గిలక్కొట్టిన మీగడ. ఇంతవరకూ స్వామికి అభ్యంతరం లేదు. మీగడ కింద మెరాంగ్, అంటే మళ్లీ తెల్లసొన. ఎక్లేర్ పిండిలో గుడ్డు, పొట్టలో క్రీము, ఆ క్రీములో పచ్చసొన. క్రువాసాన్ అమాయకంగా కనపడింది గానీ పైన మెరుపు కోసం పూసింది గుడ్డే. మా అమ్మాయి ఒక్కోదాని గురించీ వడ్డించే అతన్ని ఫ్రెంచిలో అడిగి తెలుగులో చెప్పింది. జాతకాలు కుదరని సంబంధాల్లా అన్నీ వెనక్కి వెళ్లిపోయాయి. ఆఖరికి మిగిలింది టీ.

టీ డార్జిలింగ్. పింగాణీ కూజా, జల్లెడ, వేలెడంత గిన్నెలో చల్లటి పాలు.

"మరిగించరా?" అంది మా ఆవిడ.

"మరిగించకూడదు అత్తయ్యగారూ, సువాసన పోతుంది" అన్నాడు అల్లుడు.

"మన దేశం నుంచి ఇంతదూరం వచ్చి పచ్చి నీళ్లలో మునిగింది పాపం" అని నాకు మాత్రమే వినపడేలా అంది. అల్లుడు డబ్బు పెట్టే చోట అత్తగారు గట్టిగా అభిప్రాయం చెప్పకూడదు. తిన్నవాడి నాలుక ఒకటి, బిల్లు కట్టేవాడి నాలుక ఒకటి, బిల్లు కట్టేవాడి ఎదురుగా కూర్చున్న అత్తగారి నాలుక మూడోది. ఈ మూడింటికీ విడివిడిగా చుక్కలివ్వాలి.

అల్లుడు హాట్ చాకొలెట్ తెప్పించుకున్నాడు. గరిటెజారుగా ఉంది, కప్పులోకి వంపితే తొందరేమీ లేనట్టు దిగింది. నేను మిల్‌ఫయ్ చెప్పాను. వెయ్యి ఆకులని అర్థం. పొరలు పొరలుగా కరకరలాడే రొట్టె, మధ్యలో క్రీము. చెంచాతో పైనుంచి నొక్కితే క్రీము పక్కవాళ్ల బల్ల వైపు బయల్దేరింది. పక్కకి పడుకోబెట్టి కొయ్యాలని అమ్మాయి చెప్పేసరికే ఆలస్యమైంది. తిరుపతి లడ్డూ దాచుకున్నంత భద్రంగా అరంగుళం అరంగుళం తింటూ అల్లుణ్ణి అడిగాను, నిజంగా వెయ్యి పొరలుంటాయా అని. ఆయన ఇంజనీరు. పిండిలో వెన్న పెట్టి మూడేసి మడతల చొప్పున ఆరుసార్లు మడుస్తారు మావయ్యగారూ, మూడుని ఆరుసార్లు హెచ్చవేస్తే 729 అన్నాడు.

మా ఆవిడ టీ కప్పు కింద పెట్టింది.

"వెయ్యని చెప్పి 729 పెడతారా? మిగతా 271 ఏవి?"

అల్లుడి దగ్గర జవాబు లేదు. ఫ్రాన్సు దగ్గరా ఉందనుకోను. మా ఆవిడ పుట్టిల్లు ఆత్రేయపురం పక్కన. బోర్లించిన కుండ మీద పిండినీళ్లలో ముంచిన గుడ్డ ఒక్క ఈడ్పు ఈడిస్తే లేచొచ్చే రేకుని పుట్టినప్పట్నుంచీ చూసిన మనిషి. ఆ రేకుల పేరులో ఎక్కడా లెక్క ఉండదు, అందుకే ఇన్నేళ్లలో తక్కువొచ్చాయని ఫిర్యాదూ రాలేదు.

టీ అంటే గుర్తొచ్చింది. కేకు ముక్క మీద ప్రపంచంలో అతి పొడుగైన కస్టమర్ అభిప్రాయం రాసినవాడు కూడా ఫ్రెంచివాడే. మార్సెల్ ప్రూస్ట్. ఆయన కథకుడు మాదలేన్ అనే చిన్న కేకుని టీలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. అంతే, చిన్నప్పటి ఊరంతా కళ్లముందుకొచ్చింది. నవల మొదటి సంపుటం 1913లో, ఏడోది 1927లో వచ్చాయి. ఏడు సంపుటాల్లో చుక్కలెన్నో మాత్రం చెప్పలేదు. తమాషా ఏమిటంటే తొలి చిత్తుప్రతుల్లో ఉన్నది మాదలేన్ కాదు, కాల్చిన రొట్టె, తరవాత రస్కు. టీలో రస్కు! ఆ ముక్క కొట్టెయ్యకుండా ఉంచి ఉంటే ఈపాటికి ఆయనకి మన ప్రతి రైల్వే స్టేషన్‌లోనూ అభిమాన సంఘం ఉండేది. పారిస్ సలోన్లు కూడా రస్కుకి పది యూరోలు వసూలు చెయ్యలేక ఇరుకున పడేవి.

పది యూరోలు అని ఎందుకన్నానంటే ఒక్కో పేస్ట్రీ అటూఇటూగా అంతే. మన లెక్కలో వెయ్యి రూపాయల పైచిలుకు. అల్లుడు బిల్లుని అరచేత్తో కప్పేశాడు గానీ, నలభయ్యేళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి, తలకిందుల అంకెలు చదవడం నాకో లెక్క కాదు. చుక్కలు ఇవ్వడం సంగతి తరవాత, ముందు నాకవి కనపడ్డాయి.

రాత్రి ఇంటికొచ్చాక అమ్మాయి ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఎన్ని చుక్కలిద్దాం? నేను మూడన్నాను, అల్లుడి మొహం చూసి నాలుగు చేశాను. అల్లుడు అయిదన్నాడు. డబ్బు కట్టినవాడు అంతకు తగ్గించుకోలేడు.

"నేనేం తిన్నానని?" అంటూ మొదలుపెట్టింది మా ఆవిడ. ఆ తరవాత పావుగంట మాట్లాడింది. పక్కబల్ల ఆవిడ మాకరాన్లు చూస్తే బొమ్మల కొలువులో పెట్టుకునేలా ఉన్నాయంది. మొఁబ్లాఁ మీద తీగలు మరీ బారుగా ఉన్నాయట, ఒత్తేవాడికి చేతిబలం చాలదట. అద్దాలు శుభ్రం. బల్లలు ఇరుకు. కుర్చీ ఒళ్లున్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. పొరల లెక్కలో మోసం. వడ్డించే అబ్బాయి మంచివాడే గానీ నవ్వితే సొమ్ము పోతుందా? నాలుగు రకాలు తిన్న మేం ముగ్గురం కలిసి రెండు వాక్యాలు చెప్పలేకపోయాం. ఏమీ తిననామె దగ్గర వెనకా ముందూ ఉన్న అభిప్రాయం తయారుగా ఉంది. అమ్మాయి రాసుకోలేక ఫోన్ పక్కన పెట్టేసింది.

దీపం ఆర్పబోతుంటే మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"అల్లుడుగారూ, రేపు ఆదివారమేగా. వాళ్లు ఎన్నింటికి తెరుస్తారు?"

ఆదివారం క్యూ గంట. ఈసారి మా ఆవిడే అందరికంటే ముందు బోఁజూర్ అంది, గుళ్లో అర్చన గోత్రం చెప్పినంత స్పష్టంగా. మొఁబ్లాఁ తెప్పించుకుంది. తీగలు, మీగడ, అడుగు, మూడూ కలిసేలా చెంచా నిలువునా దించి నోట్లో పెట్టుకుంది. మేం ముగ్గురం పరీక్ష ఫలితాలకి ఎదురుచూసినట్టు చూశాం. ఆమె ఏమీ అనలేదు. ఇంకో చెంచా. ఇంకోటి. గీకడానికి కూడా ఏమీ లేకుండా ప్లేటు ఖాళీ అయ్యాక, నిన్నటి అబ్బాయే వచ్చి ఎలా ఉందని అడిగాడు.

మా ఆవిడ మూతి తుడుచుకుని "పర్లేదు" అంది.

అమ్మాయి నావైపు ఒకసారి చూసి, "పా మాల్" అని ఫ్రెంచిలో చెప్పింది. చెడ్డగా లేదు అని.

రెండ్రోజుల్లో మొదటిసారి ఆ అబ్బాయి నవ్వాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని మా ఆవిడకి వంగి నమస్కారం చేసి, ఖాళీ ప్లేటు తీసుకుని వంటింటి వైపు దాదాపు పరిగెత్తాడు.