మూడూ కలిపి కొట్టు

పల్నాడులో ఏ ఊరి సెంటర్‌కెళ్లినా మనుషుల డాక్టరు ఉంటాడో ఉండడో చెప్పలేం గానీ, పురుగుమందుల కొట్టాయన మాత్రం తప్పకుండా ఉంటాడు. దాచేపల్లిలోనూ ఉన్నాడు. పేరెందుకు, నడికుడిలో అడిగినా గురజాలలో అడిగినా ఇట్టాంటాయన్నే చూపిస్తారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, నుదుటి మీదికి నెట్టిన కళ్లజోడు. కౌంటరు వెనక గోడకి పటం కట్టించిన డేసి డిప్లొమా. ఎరువులూ మందులూ అమ్మేవాళ్ల కోసం హైదరాబాదు మేనేజ్ సంస్థ పెట్టిన 48 వారాల చదువది. పక్కనే వెంకటేశ్వరస్వామి, కాస్త చిన్న సైజులో.

రైతు ఆకు పట్టుకొస్తాడు. కొట్టాయన దాన్ని వెలుతురుకెత్తి, తిరగేసి, గోటితో గీకి, "పచ్చదోమ" అంటాడు. ఆ మాట పూర్తయ్యేలోపే చెయ్యి షెల్ఫులో ఉంటుంది. ఒక సీసా పురుక్కి, ఒకటి తెగులు రాకుండా, ఇంకోటి మొక్క పుంజుకోడానికి. "మూడూ కలిపి కొట్టు. డబ్బులు పంట అమ్మినాక ఇద్దువులే." ఈలోపు ఖాతా పుస్తకంలో పద్దు ఎక్కిపోతుంది. 2021లో నల్ల తామర పురుగు మిరపతోటల మీద పడి పూత పూతంతా రాల్చినప్పుడు ఆ మూడు సీసాలూ ఐదయ్యాయి. పురుగు మాత్రం సీసాలు లెక్కపెట్టుకోలేదు. అయినా ఆయన్ని తప్పుపట్టలేం. మందు రాయని వైద్యుణ్ణి మనమూ నమ్మం గదా. ఉట్టి చేతుల్తో ఏ రైతునీ పంపనని ఆయనకో నియమం.

అట్టాంటాయన ఇంటికి జూన్‌లో లాబ్రడార్ పిల్ల వచ్చింది. కొడుక్కి హైదరాబాదులో ఉద్యోగం. ముచ్చటపడి రెండు నెలల పిల్లని కొన్నాడు. ఆఫీసు వాళ్లు ఇంట్లో కూర్చుని చేసింది చాలు, రమ్మనేసరికి కార్లో వేసుకుని తండ్రి దగ్గరికి తెచ్చాడు. మిర్యాలగూడలో ఒకసారి, కృష్ణ దాటి పొందుగల రాగానే ఇంకోసారి సీటు తడిపింది. రెండు రాష్ట్రాల్లోనూ సమానంగా. పేరు బ్రూనో.

కొట్టాయన కుక్కని వద్దనలేదు. దానికో బోను కావాలన్నాడు. వెల్డింగ్ షాపులో దగ్గరుండి చేయించాడు. ఎదిగే పిల్లోడికి రెండు సైజులు పెద్ద చొక్కా కుట్టించినట్టు, బ్రూనో తాతకి కూడా సరిపోయేంత బోను. చూసినవాళ్లు నాగార్జునసాగర్ శ్రీశైలం అడవి నుంచి పులినేమన్నా తెస్తున్నాడేమో అనుకున్నారు. అడుగున గోతాం పరిచి, నీళ్ల గిన్నె పెట్టి, తలుపేసి కొట్టుకెళ్లాడు. జూనంటే పత్తి గింజల గిరాకీ. పొద్దున తొమ్మిదికెళ్తే భోజనానికి రెండింటికి రావడం. వచ్చి చూస్తే ఒక మూల బ్రూనో హాయిగా నిద్రపోతోంది. రెండో మూల దాని దొడ్డి. మధ్యలో నడవడానికి దారి కూడా ఉంది.

గోతాం మార్చాడు. మళ్లీ తడిసింది. ఫినాయిలు కొట్టాడు. ఇల్లంతా ఆస్పత్రి వాసనొచ్చింది గానీ కుక్క పద్ధతి మారలేదు. నాపరాళ్ల సందుల్లోకి ఇంకింది వానొచ్చిన రోజు బయటికొచ్చేది. ఇంటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏవండీ, ఊరందరి చేలల్లో పురుగు చంపుతారు, ఇంట్లో అరగజం కుక్కకి మందు లేదా?" అంది. ఆ మాటకి ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

సంగతి కొట్టుకి పాకింది. ఇన్నాళ్లూ సలహా పుచ్చుకునేవాళ్లకి ఇచ్చే అవకాశం దొరికింది. "దాని ముక్కు అందులోనే పెట్టి రుద్దన్నా" అన్నాడొకాయన. "ఆ మూల కాస్త కారం చల్లు, మళ్లీ అటు పోద్దా?" అన్నాడు మిరపరైతు. "కారమెందుకు, సున్నం కొట్టు బావా" అన్నాడు బట్టీలో పనిచేసే ఇంకొకాయన. పిడుగురాళ్ల నుంచి నడికుడి దాకా సున్నం బట్టీలే గదా, కొరతేముంది. మా ప్రాంతంలో ఏది పండితే, ఏది కాలిస్తే అదే మందు. కళ్లం కాపలా ఉండే ఒక ముసలాయన మాత్రం బీడీ ఆర్పి అన్నాడు: "మా కళ్లం కుక్కకి ఎవురు నేర్పారయ్యా? పడుకునే చోట అది ఎప్పుడూ పొయ్యదు." ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆయన అప్పటికే బాకీ తీర్చేసిన మనిషి, మాటకి బరువు తక్కువ.

జూలై 6న పశువుల ఆస్పత్రిలో కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకాలన్నారు. 1885లో అదే రోజున పాశ్చర్ మహాశయుడు పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లాడికి మొదటిసారి ఆ టీకా వేయించాడట, అందుకని ప్రపంచమంతా ఆ రోజుని గుర్తుచేసుకుంటారు. బ్రూనోకి మూడు నెలలు నిండాయి. వరసలో నిలబడి టీకా అయ్యాక కొట్టాయన గొంతు తగ్గించి అసలు విషయం విప్పాడు. డాక్టరమ్మ కుక్కని తడిమి చూసింది. మూత్రం పరీక్ష చేయించింది, ఇన్‌ఫెక్షన్ లేదు. నులిపురుగుల మందు పోయిన వారమే పడింది.

"కొన్నచోట దీన్ని ఎట్టా ఉంచారండీ?"

"ఇనప జాలీ బోనులో మేడమ్, ఏడెనిమిది పిల్లలు కలిపి."

"అదీ సంగతి. మూడు వారాల దాకా తల్లే నాకి శుభ్రం చేస్తుంది. ఆ తర్వాత పిల్లలు పక్క వదిలి దూరంగా వెళ్లి పోసుకుంటాయి. వెళ్లే చోటు లేకుండా బోనులో పెడితే పక్కా దొడ్డీ ఒకటేననుకుంటాయి. మీరు ఇంకా పెద్ద బోను చేయించి రెంటికీ వసతి చూపించారు. మూడు నెలల పిల్ల మహా అయితే నాలుగు గంటలు ఆపుకుంటుంది. మీరు ఐదు గంటలు తాళం వేస్తున్నారు."

బోనులో చెక్క అడ్డం పెట్టి, లేచి నిలబడి ఒక చుట్టు తిరిగి పడుకునేంత చోటే ఉంచమంది. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆడుకున్నాక, లేదంటే రెండు గంటలకోసారి బయట ఒకే చోటికి తీసుకెళ్లమంది. తడిసిన చోట ఫినాయిలు మాని, సబ్బుతో కడిగి, వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవమంది. కారం, సున్నం సంగతి వినగానే కళ్లజోడు తీసి ఆయన వంక చూసింది. ఆ చూపు ఇక్కడ రాయడం కుదరదు.

కొట్టాయన అక్కడే నిలబడ్డాడు. "మరి మందు?"

"మందేం లేదండీ."

"ఏదన్నా రాయండి మేడమ్. ఉట్టి చేతుల్తో ఎట్టా పోతాం?"

ఆమె ఏమీ రాయలేదు. కాకపోతే, ఏ గంటకి తిందో, ఏ గంటకి పోసిందో ఆయన్నే రాసుకోమంది. ఈ ముక్క మాత్రం ఆయనకి నచ్చింది. రాయడంలో ఆయన్ని మించినవాడు దాచేపల్లిలో లేడు. కొట్టుకెళ్లి ఖాతా పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన "బ్రూనో" అని రాసి, కింద గీతలు కొట్టాడు. ఎడమవైపు జమ: అన్నం, నీళ్లు, పాలు. కుడివైపు ఖర్చు. ఖర్చు బయట అయితే నల్ల సిరా, బోనులో అయితే ఎర్ర సిరా.

వెనిగర్ కోసం నూడుల్స్ బండి కుర్రాణ్ణి పట్టుకున్నాడు. రెండు గంటలకోసారి కుక్కని బయటికి వదలడానికి కొట్టు కుర్రాణ్ణి ఇంటికి పంపాడు. నల్ల గీతలు పెరిగాయి. కానీ రోజూ పదిన్నరకి ఒక ఎర్ర గీత మాత్రం తప్పడంలేదు. తొమ్మిదింటికి ఖాళీ చేయించిన కుక్క పదిన్నరకి బోను ఎట్టా తడుపుద్ది? జమ లేకుండా ఖర్చెక్కడిది? ముప్పయ్యేళ్లుగా పద్దులు చూసిన కన్ను అది. ఒక రోజు పదింటికి చెప్పకుండా ఇంటికొచ్చాడు. బోను ముందు పీట వేసుకుని ఆయన తల్లి, చువ్వల సందులోంచి పెరుగన్నం ముద్దలు పెడుతోంది.

"అమ్మా!"

"ఒరే, పసిగుడ్డుని బోన్లో పెట్టి, తిండికి కూడా టైములు పెడతావా? నిన్నట్టా పెంచానా నేను?"

ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు ఆ ఇంట్లో లేరు. పేజీలో "అమ్మ, పెరుగన్నం, 10.00" అని ఒక వరస చేర్చి, పదీ పావుకి కుక్కని బయటికి తీసుకుపోయే పని ఆవిడకే అప్పగించాడు. ఎర్ర సిరా ఆగింది.

రాత్రి వంతు ఆయనది. మూడింటికి అలారం. లుంగీ ఎగ్గట్టి, చేతిలో మారీ బిస్కెట్టుతో పక్కనున్న ఖాళీ స్థలంలో నిలబడి, "పొయ్యి నాన్నా... పొయ్యి" అని బతిమాలుతుంటే సిమెంటు లారీల డ్రైవర్లు వేగం తగ్గించి చూసేవాళ్లు. కుక్క ఒక గడ్డిమొక్క వాసన చూసి, ఆలోచించి, ఇంకోదాని దగ్గరికి పోయేది. పోసిన వెంటనే, ఆ క్షణంలోనే మెచ్చుకోవాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఇంట్లోకొచ్చాక మెచ్చుకుంటే దేనికో దానికి తెలియదట. మెచ్చుకోడం కొట్టాయనకి అలవాటులేని పని. ఐనా మొహమాటం విడిచి, నడివీధిలో, "శెభాష్! మా బంగారు తండ్రీ!" అని అరిచేవాడు. ఒక రాత్రి షిఫ్టు దిగుతూ కొడుకు వీడియో కాల్ చేశాడు, ఇదంతా విన్నాడు. కాసేపాగి, "నాకు ఎంసెట్ ర్యాంకు వచ్చినప్పుడు ఏమన్నావో గుర్తుందా నాన్నా?" అన్నాడు.

"ఏమన్నాను?"

"పక్కింటోడికి ఎంత వచ్చిందన్నావు."

శ్రావణం వచ్చేసరికి బ్రూనో బోను పొడిగా ఉంది. ఇప్పుడు గడియారం చూడక్కర్లేదు, తలుపు తీస్తే చాలు, నేరుగా ఆ ఖాళీ స్థలంలోకి పోయి, ఈశాన్యం మూల రాయి పక్కనే కాలెత్తుతుంది. వేరే చోట చచ్చినా పొయ్యదు. ఆ స్థలం కొట్టుకి బాకీ ఉన్న ఒక మిరపరైతుది. ఈ ఏడే ఇల్లు మొదలుపెట్టాడు. మేస్త్రీ ముగ్గు పోసి చూపిస్తే సరిగ్గా ఆ రాయి దగ్గర దేవుడి గది వచ్చింది.

"అన్నా, శంకుస్థాపన నాడు కూడా వచ్చి పోసిపోయింది. ఆ చోట కొట్టడానికి ఏదన్నా మందివ్వు" అన్నాడాయన, కొట్టుకొచ్చి.

"దానికి మందు లేదయ్యా."

"మరి కుక్కని వేరే మూలకి అలవాటు చెయ్యి."

"ఇంకో నెల పట్టుద్ది. మూడింటికి నువ్వు లేస్తావా?" కొట్టాయన కళ్లజోడు దించి, ఖాతా పుస్తకంలో రైతు పేజీ తీశాడు. పెన్ను క్యాపు విప్పి, కాసేపు లెక్క చూసి అన్నాడు: "బాకీలో ఐదు వేలు కొట్టేస్తా. దేవుణ్ణి వంటింటి పక్కకి జరుపు."