డీటీపీ అన్న

కావలి నుంచి ముత్తుకూరు దాకా ఏ బస్టాండు ఎదురుగా చూసినా ఒక డీటీపీ అన్న ఉంటాడు. శుభలేఖ, పెద్దకర్మ కార్డు, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, రొయ్యల మేత కొట్టుకు బిల్లు బుక్కు, అన్నీ ఆయన చేతిమీదుగా పోవాల్సిందే. పేజ్‌మేకరూ అనూ ఫాంట్లూ ఉంటే ఆయనకు లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. ఈ మధ్య కొత్త బేరం తగిలింది: ఇంటరు పిల్లలు అమెరికా కాలేజీలకు పంపే వ్యాసం.

అన్న సిద్ధాంతం ఒకటే. కాగితం మీద తెల్లగా మిగిలిందంటే కస్టమర్‌కి నష్టం. పేరాకీ పేరాకీ మధ్య ఒక వరస వదలమంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు. "పేజీకి డబ్బులిచ్చి ఖాళీ కాయితం తీసకపోతావా పాపా? మీ నాయన నన్నేమంటాడు?" నాలుగు మూలలా నాలుగు తామరపూలు పడతాయి. పిల్ల పేరు ఎర్రగా, లావుగా. తాతగారి ప్రస్తావన వస్తే ఆయన పేరు ఇంకో రెండు సైజులు పెద్దది, అది మర్యాద. నెత్తిన శ్రీరస్తు అడక్కుండానే వస్తుంది, దానికి డబ్బులు తీసుకోడు.

టైమ్స్ న్యూ రోమన్, సైజు పన్నెండు చాలంటే మాత్రం ఆయనకు నిజంగా బాధ. "అది ఊరికే వస్తాది గదా, దానికి నేనెందుకు?" ఆ అక్షరాలు 1932లో లండన్ టైమ్స్ పత్రిక కోసం స్టాన్లీ మోరిసన్ దగ్గరుండి చేయించినవి. ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలి, చదివేవాడి కన్ను అలవకూడదు. అడ్మిషన్ ఆఫీసులో కుప్పలు ముందేసుకుని కూచున్న మనిషికి కావాల్సిందీ అదే. అన్న మాత్రం చదివేవాడి కోసం పనిచెయ్యడు. గోడకు అంటించేవాడి కోసం చేస్తాడు. ఇన్నాళ్లూ ఆయన ఖాతాదారులంతా ఆ బాపతే, పాపం.

ఒకసారి ఒక పిల్ల వ్యాసంతో వచ్చింది. పక్కన బెంచీ మీద కూచున్న ఆమె తండ్రికి రొయ్యల చెరువులున్నాయి. "కౌంటెంత?" అన్నాడు. అమెరికా కాలేజీల దరఖాస్తు కామన్ యాప్‌లో వ్యాసం 650 మాటలు దాటకూడదని పిల్ల చెప్పింది. "ఆరొందల యాబై కౌంటా! ముప్పైకి దించు, రేటొస్తాది." కిలోకు తూగే రొయ్యల సంఖ్య తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది మరి. ఆ కొట్లో ఎడిటింగ్ తెలిసినవాడు ఆయనొక్కడే అనిపించింది నాకు.

తీరా దరఖాస్తు పెట్టెలో అతికిస్తే తామరపూలు రాలేదు, ఎరుపు రాలేదు. అనూ ఫాంటులో కొట్టిన శ్రీరస్తు ఏవో గజిబిజి గుర్తులై కూచుంది. అన్న అలవాటుగా ప్రతి వరస చివరా ఎంటర్ కొట్టాడు కాబట్టి వ్యాసమంతా సగం సగం వరసలుగా విరిగి పడింది. తండ్రి తొంగిచూసి, "పద్యం గూడా రాసిందే మా పాప!" అని మురిసిపోయాడు. మాటలు హద్దు దాటాయని పెట్టె ఒప్పుకోలేదు.

పిల్ల ఒక్కో ఎంటరూ చెరిపి, తాతగారి పొగడ్త కొంత కోసి, పేరాల మధ్య వరస వదిలింది. అన్న ఆ ఖాళీల వంక చూసి నిట్టూర్చి బిల్లు రాశాడు. అందులో తామరపూల బార్డరు విడిగా ఉంది.

"బార్డరు అక్కడ రాలేదు గదన్నా?"

"నేను కట్టింది కట్టినట్టే ఉండాది పాపా. వాళ్ల కంప్యూటరుకు చేతగాకపోతే నాదా తప్పు?"