ఓబులేసు లైసెన్సు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే ఒట్టు పెట్టుకుని మరీ కలం పట్టాడు. ఆ ఒట్టులో రెండో సగం సంగతి ఎలా ఉన్నా, మొదటి సగాన్ని ఈనాటికీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నవాడు లైసెన్సు కౌంటరు వెనక కూర్చున్న గుమాస్తా. "ఒరిజినల్ యాడప్పా?" అన్నదే ఆయన నోటి మొదటి మాట. మూలం లేనిదే ఆయనా ఏమీ రాయడు.

వ్యాఖ్యానానికి తీసుకున్న పద్యం తేటగీతి. జిరాక్సు షాపు ముందు బెంచీ మీద పుట్టింది. కర్త పేరు చెప్పుకోలేదు; చెప్పాల్సి వస్తే ఏ కార్డులో ఉన్న పేరు చెప్పాలో ఆయనకే తేలలేదని విజ్ఞుల అభిప్రాయం. శాస్త్రాల్లో ఉదాహరణ కావలసినప్పుడల్లా దేవదత్తుడు వచ్చి నిలబడతాడు కదా, ఈ వ్యాఖ్యలో ఓబులేసు వచ్చి నిలబడతాడు. ఊరు దిగువ అహోబిలం. వయసు నలభై దాటింది. పావన నరసింహస్వామి దగ్గరికి అడవి దోవన యాత్రికుల్ని జీపులో తీసుకుపోయి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని ఆయన కోరిక.

మూలం

నాల్గు ఫోటోలు, రేషను నకలు రెండు,
పదవ తరగతి మార్కుల పత్రమొకటి;
అన్ని కాగితములనొక్క యక్షరంబు
తప్పకున్నచో లైసెన్సు తానె వచ్చు.

ప్రతిపదార్థం

నాల్గు ఫోటోలు = పాస్‌పోర్టు సైజువి నాలుగు; రేషను నకలు = రేషన్ కార్డు జిరాక్సులు; రెండు = ఒకటి ఇవ్వడానికి, ఒకటి పోగొట్టుకున్నాక ఇవ్వడానికి; పదవ తరగతి మార్కుల పత్రము = టెన్త్ మెమో; ఒక్క యక్షరంబు = పొల్లు గానీ, దీర్ఘం గానీ, ఇంగ్లీషులో చివరి 'యు' గానీ; తప్పకున్నచో = తేడా రాకపోతే (రాకపోవడం అసంభవమని సూచన); లైసెన్సు = ముందు ఎల్లెల్లార్, తర్వాత అసలుది; తానె వచ్చు = దీని అర్థం వివాదాస్పదం, కింద చూడుడు.

టీక

ఫోటోలు: ఇప్పుడు ఆఫీసులోనే కెమెరా ముందు కూర్చోబెట్టి ఫోటో తీస్తున్నారు కదా, ఈ నాలుగు దేనికని శంక. డాక్టరు సర్టిఫికెట్టుకు ఒకటి అతికించాలి. మిగతా మూడూ "ఫోటో ఉందా?" అని అడిగినప్పుడు "ఉంది సార్" అనడానికి. అంతకు మించి వీటి గురించి చెప్పేదేమీ లేదు.

రేషను నకలు: ఇది చిరునామా కోసం. చిరునామా అంటే మనిషి ఉండే చోటు అని లోకం అనుకుంటుంది. అహోబిలంలో నిలబడి చూస్తే ఆ అర్థం నిలవదు. ఇక్కడ 1950లో పుట్టిన ఒక పెద్దాయన, ఇల్లు కదలకుండానే, మద్రాసు రాష్ట్రంలో పుట్టి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాడు. 1985లో తాలూకా పోయి మండలం వచ్చింది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా పోయి నంద్యాల జిల్లా వచ్చింది. గడప అదే, వేపచెట్టు అదే. పాత కార్డులో కర్నూలని, కొత్త కార్డులో నంద్యాలని ఉంటే "రెండు అడ్రసులున్నాయే" అంటారు. జిల్లా మారింది మేం కాదు సార్ అంటే, దానికి కాగితం ఉందా అంటారు.

ఆ ఊరి స్వామికి మాత్రం ఈ బాధ లేదు. సంక్రాంతి పోగానే పల్లకీ ఎక్కి పారువేటకు బయలుదేరతాడు. నలభై రోజులకు పైగా ఊరూరా తిరిగి, తన బ్రహ్మోత్సవాలకు తానే పిలిచి వస్తాడు. ఏ ఊళ్లోనూ ఎవరూ అడ్రస్ ప్రూఫ్ అడగలేదు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనుక అల్లుడంటారు, బియ్యం పోస్తారు, పంపుతారు.

పదవ తరగతి మార్కుల పత్రము: చండామార్కుల వారు ఇచ్చిన పత్రమని కొందరు వ్యాఖ్యానించారు. అది అపవ్యాఖ్య. అహోబిలంలో ప్రహ్లాదబడి ఉన్న మాట నిజమే, అక్కడ పాఠం చెప్పింది చండామార్కులే. కానీ ఆ బడి నుంచి టీసీ గానీ మెమో గానీ పుచ్చుకున్నవాడు ఇంతవరకు లేడు. ఉన్న ఒక్క విద్యార్థి కూడా నాన్న పేరు దగ్గర పేచీ పెట్టేవాడే.

టెన్త్ మెమోను చదువు కోసం అడుగుతారనుకుంటే పొరపాటు. రవాణా వాహనం నడపడానికి ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. మెమో కావలసింది పుట్టిన తేదీకి. కనుక లెక్కల్లో పద్దెనిమిది మార్కులు వచ్చినా సరే, పుట్టిన తేదీలో మనవాడు పాసే. ఆ తేదీ ఎక్కడిది? ఒకటో తరగతిలో చేర్చే రోజున అయ్యవారు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, చెయ్యి తలమీదుగా చెవికి అందుతుందో లేదో చూసి, జూలై 1 అని వేసినది. ఊళ్లో సగం మంది ఒకేనాడు పుట్టడానికి కారణం ఇదే. వాళ్లమ్మను అడిగితే "పెద్ద వాన వచ్చిన యేడు, శనగలు పీకేటప్పుడు" అంటుంది. ఆ సాక్ష్యం నిజమైనది గనుక చెల్లదు.

ఇక్కడొక పూర్వపక్షం. అయ్యా, మూలంలో ఆధార్ మాటే లేదేమి? కవి మరిచాడా? మరవలేదు. అది అధ్యాహారం, అంటే చెప్పకపోయినా తెచ్చి చేర్చుకోవలసినది. ప్రతి పాదంలోనూ ఉన్నట్టే. ఈ స్తంభంలో ఉందా, ఆ స్తంభంలో ఉందా అని వెతకనక్కర్లేదు.

అలా అయితే అదొక్కటే చాలదా? చాలదు. తొలి కార్డుల్లో చాలా వాటి మీద పుట్టిన సంవత్సరమే ఉంది, నెలా తేదీ లేవు. పైగా ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్ని ఇచ్చే సంస్థే చెప్పింది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక వాహన ప్రమాద పరిహారం కేసులో, వయసు తేల్చేటప్పుడు ఆధార్ కంటే బడి సర్టిఫికెట్టుదే పైచేయి అంది. అంటే శనగల కాలంలో పుట్టినవాణ్ణి జూలైలో పుట్టించిన అయ్యవారిదే ఆఖరి మాట. ఇంకో దారి కూడా ఉంది. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారం, ఆ రోజు నుంచి పుట్టినవాళ్లకు లైసెన్సు కోసం పుట్టిన తేదీ చూపించడానికి జనన ధ్రువపత్రమొక్కటే చాలు. శ్రేష్ఠమైన సూత్రం. కారు లైసెన్సుకు పద్దెనిమిదేళ్లు నిండాలి గనుక దీని ఫలం 2041 అక్టోబరులో చేతికొస్తుంది. ఓబులేసు అంతవరకు ఆగలేడు.

నైయాయికులు ఇంకొక దోషం చూపిస్తారు: అన్యోన్యాశ్రయం. ఆధార్ ఇచ్చింది రేషన్ కార్డు చూసి. ఇప్పుడు రేషన్ కార్డు నిలబడింది ఆధార్ ముడి పడబట్టి. రేపు లైసెన్సు వచ్చాక, ఆధార్‌లో తప్పు దిద్దుకోవడానికి లైసెన్సు చూపించవచ్చు. ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసి అన్నీ నిలబడ్డాయి. వాటి మధ్య ఓబులేసు నిలబడ్డాడు గానీ ఆయన భుజం మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

ఈ విద్యకు మూలసూత్రం 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నాలుగోది. ఓటర్ల జాబితా, ఎల్ఐసీ పాలసీ, పాస్‌పోర్టు, స్కూలు సర్టిఫికెట్టు, ఇట్లా పోయి, సివిల్ సర్జన్‌కు తగ్గని వైద్యుడు వయసు గురించి ఇచ్చే పత్రం దాకా వెళ్తుంది. వీటిలో ఒకటి గానీ, అంతకు మించి గానీ తేవాలని మూలసూత్రం. 'ఒకటి' అన్నది మనం చదువుకునే భాగం, 'అంతకు మించి' అన్నది కౌంటరు లోపల చదివే భాగం. ఏవీ లేనివాడు తగిన కారణం చూపి, మేజిస్ట్రేటు ముందో నోటరీ ముందో ప్రమాణం చేసినా ఒప్పుకోవచ్చన్నారు. నిబంధన రాసినవాడికి ఆ ఒక్క క్షణం మనిషి గుర్తొచ్చాడు.

బ్రిటన్‌లో 1903 చట్టం కింద పదిహేడేళ్లు నిండినవాడు ఐదు షిల్లింగులు కడితే లైసెన్సు ఇచ్చేవారు. బండి నడపడం వచ్చా అని కూడా అడగలేదు. ఆ పరీక్ష కొత్తగా బండి పట్టేవాళ్లకు తప్పనిసరి అయింది 1935లో. నడపడం రాకపోయినా చెల్లిన కాలం అది. నడపడం వచ్చినా పేరులో అక్షరం చెల్లని కాలం మనది.

అందుకే మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం.

ఒక్క యక్షరంబు: కర్నూలు, కడప జిల్లాల్లో అహోబిలేశుడి పేరు లేని ఇల్లు అరుదు. ఓబులేసు, ఓబయ్య, ఓబులమ్మ, ఓబుల్‌రెడ్డి, ఇవన్నీ ఆ కొండ దిగి వచ్చిన పేర్లే. ఆ కొండ పేరు దగ్గరే పాఠాంతరం ఉంది: దేవతలు స్వామి బలం చూసి అహో అన్నారు గనుక అహోబలమని ఒక పక్షం, గరుత్మంతుడు తపస్సు చేసిన గుహ గనుక అహోబిలమని ఇంకో పక్షం. రెండు పక్షాల వాళ్లూ ఒకే బస్సులో వచ్చి, ఒకే స్వామికి దండం పెట్టి పోతున్నారు.

ఓబులేసుకు ఆ సౌకర్యం లేదు. మెమోలో 'అహోబిలేసు', రేషన్ కార్డులో 'ఓబులేశు', ఆధార్‌లో తెలుగున 'ఓబులేసు', దాని కింద ఇంగ్లీషులో 'ఓబ్లేష్'. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక, ఒకదాంట్లో ఒంటి అక్షరం, చుక్క. గుమాస్తా మూడు కాగితాలూ పక్కపక్కన పరిచి, పైనుంచి కిందికి వేలు జరుపుకుంటూ వచ్చి, 'శ' దగ్గర ఆపాడు.

"వీళ్లలో నువ్వెవరప్పా?"

"అందరూ నేనే సామీ."

"అట్లని రాసుకోని రాపో."

అట్లా రాసుకొచ్చేదాన్నే అఫిడవిట్ అంటారు. పై నలుగురూ ఒకే వ్యక్తి అనీ, ఆ వ్యక్తి తానే అనీ స్టాంపు కాగితం మీద నోటరీ సంతకంతో ప్రమాణం. దీన్ని వేదాంతులు అద్వైతం అంటారు, వాళ్లకు స్టాంపు ఖర్చు లేదు.

ఇదంతా ఏ ఊళ్లో? జ్వాల, అహోబల, మాలోల, వరాహ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన అని తొమ్మిది పేర్లతో, తొమ్మిది చోట్ల, తొమ్మిది రూపాలతో ఒకే స్వామి ఉన్న ఊళ్లో. ఒకచోట ఉగ్రం, ఒకచోట లక్ష్మితో సరసం, ఒకచోట యోగపట్టం. ఫోటోలు పక్కపక్కన పెడితే ఏ ఆఫీసూ ఒప్పుకోదు. చెంచులు, అయ్యవార్లు, రాజులు, శ్రీకృష్ణదేవరాయలతో సహా అందరూ ఒప్పుకున్నారు. ఓబులేసుకు నాలుగు పేర్లు ఎక్కువైనాయి.

తానె వచ్చు: ఎవరి ప్రమేయమూ లేకుండా దానంతట అదే వస్తుందని సామాన్యార్థం. కేంద్రం వారి వెబ్‌సైటు పేరు 'సారథి' కావడం కూడా ఈ ఆశకు బలం: స్లాటు బుక్ చేసుకో, ఫీజు కట్టు, రా. కానీ ఆఫీసుల గడప దగ్గర ఉండే ఒక మూర్తిని బట్టి కొందరు వేరే అర్థం చెప్పారు. హిరణ్యకశిపుడు కోరిన వరం గుర్తు చేసుకోండి. లోపల కాదు, బయట కాదు. పగలు కాదు, రాత్రి కాదు. మనిషి కాదు, మృగం కాదు. అన్ని కండిషన్లూ పాటిస్తూనే పని జరిపించాడు స్వామి, అదీ ఈ అహోబిలంలోనే. బ్రోకరు లక్షణం కూడా అచ్చం ఇదే. ఆయన ఆఫీసు లోపలివాడు కాదు, బయటివాడూ కాదు, గడప మీద ఉంటాడు. ప్రభుత్వం మనిషి కాదు, ప్రజల మనిషీ కాదు. ఆయన పని జరిగేది పొద్దున కాదు, సాయంత్రం కాదు, లంచ్ టైములో. అక్షరం తప్పినా ఫరవాలేదనగల శక్తి ఆయనకే ఉంది. పద్యంలో 'తానె' అన్నది ఈయన్ని ఉద్దేశించే అని ఆ వ్యాఖ్యాతల మతం. వ్యాకరణం ఒప్పుకోదు, అనుభవం వాళ్ల పక్షాన ఉంది.

చెప్పకుండా వదిలినది: ఫారం 1ఎ. నలభై దాటినవాళ్లకూ, రవాణా వాహనం అడిగేవాళ్లకూ డాక్టరు సర్టిఫికెట్టు తప్పనిసరి. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి నంబరు ప్లేటు చదవగలడా అన్నది అందులో ప్రశ్న. పావన నరసింహుడి దోవలో మలుపు మలుపుకూ రాయి ఎక్కడుందో ఓబులేసు చీకట్లో చెబుతాడు, ఆ ప్రశ్న ఫారంలో లేదు. జీపుకు వేరే రవాణా ఎండార్స్‌మెంటు కావాలా అన్న తగవు మాత్రం తీరింది: 7,500 కిలోలు దాటని బండికి మామూలు ఎల్ఎంవీ లైసెన్సే చాలని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

తాత్పర్యం

మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, ఆయన ఆయనే అని కాగితాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకుంటే లైసెన్సు ఇవ్వబడునని భావం. ఆయన ఒప్పుకోవడం లెక్కలోకి రాదు.

ఉత్తరపద్యానికి అవతారిక

అఫిడవిట్టుతో ఓబులేసుకు ఎల్లెల్లార్ వచ్చింది. దాని ఆయువు ఆరు నెలలు. ముప్పై రోజులు నిండితే గానీ అసలు పరీక్షకు పోకూడదు. ఆ పరీక్ష తరువాతి పద్యంలో విషయం. ఈ నడుమ జీపుకు ముందూ వెనకా ఎర్రని 'ఎల్' తగిలించుకోవాలి. దానికీ నిబంధనల్లో ప్రమాణం చెప్పారు: 18 సెంటీమీటర్ల చదరంలో తెల్లని నేల, అక్షరం ఎత్తు 10, మందం 2, అడుగున వెడల్పు 9, వీటికి తగ్గరాదు. ఆళ్లగడ్డ శిల్పులు విగ్రహానికి తాళమానం చూసుకున్నంత నిష్ఠగా రాశారు. ఓబులేసు టేపు పట్టుకుని స్టిక్కర్ల షాపుకు పోయి ఈ కొలతలన్నీ చెప్పాడు. షాపాయన మొత్తం విని, "చిన్నదా, పెద్దదా?" అన్నాడు.

పెద్దదే తీసుకున్నాడు.