బ్లాస్టు సైకిల్ అంటారు నన్ను

నేను అట్లాస్ సైకిల్ని. పుట్టింది హర్యానాలోని సోనీపత్‌లో. ఎలా పుట్టానంటే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గొట్టాలు అతికారు, నల్లరంగు కొట్టారు, లారీ ఎక్కించారు. మా కంపెనీ చివరి ఫ్యాక్టరీ సాహిబాబాద్‌లో 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. ముహూర్తం బాగానే కుదిరింది.

నన్ను కొన్న పెద్దాయన హైదరాబాద్‌లోని చైతన్యపురిలో పాలప్యాకెట్లు వేసేవాడు. హ్యాండిల్‌కి రెండు వైపులా సంచులు, వెనక క్యారియర్ మీద ట్రే. తెల్లారేసరికి కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా గల్లీలన్నీ తిరిగేవాళ్లం. కోచింగ్ సెంటర్ల పిల్లలుండే హాస్టళ్లలో పొద్దున్నే టీ కాగిందంటే అందులో నా వంతూ ఉంది. ఈ మాట మాత్రం గర్వంగానే చెప్పుకుంటాను.

2013 ఫిబ్రవరి 21, గురువారం. సాయిబాబా గుడికి జనం వచ్చే రోజు. సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో 107 బస్టాపు దగ్గర ఒకటి, కూతవేటు దూరంలో ఏ1 మిర్చి సెంటర్ దగ్గర మరొకటి, వెంటవెంటనే రెండు బాంబులు పేలాయి. 18 మంది పోయారు. వందమందికి పైగా గాయపడ్డారు. బాంబులు కట్టింది సైకిళ్లకి.

అంటే నా జాతికే. బజ్జీలు తినేవాళ్ల పక్కన, బస్సు కోసం నిలబడ్డవాళ్ల పక్కన ఎవరూ అనుమానించకుండా నిలబడగలిగేది పాత సైకిలొక్కటే. అది ఎత్తుకెళ్లేంత విలువైంది కాదు, అడ్డమనిపించేంత పెద్దదీ కాదు. మా మంచితనాన్నే వాడుకున్నారు వాళ్లు.

మర్నాటి నుంచి నా బతుకు మారిపోయింది. ఏ దుకాణం ముందు ఆపినా లోపలి నుంచి కేక. ‘ఎవని సైకిల్ర ఇది? తియ్ జల్ది!’ పెద్దాయన పరుగెత్తుకొచ్చి, ‘నాదే సార్, పాలోన్ని’ అని క్యారియర్ మీది టిఫిన్ డబ్బా మూత తీసి చూపించేవాడు. లోపల జొన్నరొట్టె, పచ్చడి. ఏళ్ల తరబడి ఒకే వీధిలో తిరిగినవాడు తన డబ్బా తెరిచి చూపించుకోవాల్సి రావడం నాకిప్పటికీ మింగుడుపడదు. ఆ మనిషి ఒక్కసారి కూడా కోపగించుకోలేదు. ఆయన వంతు కోపం కూడా నేనే పెట్టుకున్నాను.

తర్వాత కొడుకు స్కూటీ కొన్నాడు. నన్ను మెట్ల కింద తోసేశారు. చైను బిగుసుకుపోయింది. సీటు తోలు చీలి స్ప్రింగులు బయటపడ్డాయి. నా మీద తడిబట్టలు ఆరేశారు, చీపురు ఆనించారు, చివరికి పాత ఇనప సామానువాడికి తూకానికి అమ్మేశారు. వాడు నన్ను కరిగించక ముందే, కృష్ణానగర్‌లో సినిమాలకు సామాను అద్దెకిచ్చే ఒకాయన వచ్చి ఎత్తుకుపోయాడు. ‘ఇట్ల తుప్పు పట్టిందే కావాలె’ అన్నాడు. పుట్టాక నేను విన్న మొదటి పొగడ్త అదే.

అప్పటికే ‘వైల్డ్ డాగ్’ వచ్చేసింది. 2021లో నాగార్జున గారు ఎన్ఐఏ అధికారిగా వేసిన చిత్రం అది. అందులో హీరో బిడ్డను పోగొట్టుకునేది 2007 గోకుల్ చాట్ పేలుడులో. ఆ ఏడాది అదే రాత్రి మా దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఒక బాంబు దొరికింది, అదృష్టం బాగుండి పేలలేదు. నన్ను తీసుకెళ్లిన సినిమా వేరు, అది మా దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల మీద. పేరు చెప్పను, మళ్లీ అద్దెకు వెళ్లాల్సినదాన్ని.

వ్యానులో వేసి తీసుకెళ్లారు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీద ఊరవతలికి. అసలు చోటు ముందు నుంచే వెళ్లి, ఆ చోటు సెట్టు దగ్గర దిగాను! సెట్టు మీద బస్టాపు బోర్డుకి 107 అని రాస్తే, ఎందుకొచ్చిన గొడవని డైరెక్టరు ఆ అంకె మార్పించాడు. ఊరి పేరూ మార్చారు. బజ్జీలు నిగనిగలాడాలని పైన నూనె పూశారు. పొద్దుట వేయించినవి, ఎవరూ ముట్టలేదు.

నాలాంటివి మూడున్నాయి. దగ్గర్నుంచి తీసే షాట్లకి నేను. గాల్లోకి ఎగరడానికి తేలికపాటిది ఒకటి. ముందే కోసి, వంచి, గ్యాస్ మంటతో మసి పట్టించింది మూడోది. పాపం, దాన్ని పేలకముందే కాల్చేశారు. ఎగిరే ముక్కలు ఎవరికీ తగలకూడదని కార్కు, థర్మోకోల్ ముక్కలు నింపారు. ఫైరింజను పక్కనే ఉంది. పాకంలో ఎర్ర రంగు కలిపి జూనియర్ ఆర్టిస్టులకు పూశారు, చీమలు పట్టాయి. మంట మూడు కెమెరాలకి చిక్కింది. మిగతాది గ్రాఫిక్స్‌లో పెంచుతామన్నారు.

జాగ్రత్తలన్నీ మెచ్చుకోదగ్గవే. నేను గుర్రుగా ఉన్నది వేరే విషయం మీద. ఆ మంట కోసం పగలంతా పడిగాపులు కాశారు కదా, తర్వాత జరిగినదాని సంగతేమిటి? విచారణ చర్లపల్లి జైల్లోని ప్రత్యేక కోర్టులో నడిచింది. 150 మందికి పైగా సాక్షులు వచ్చి చెప్పారు. 2016 డిసెంబరు 13న ఐదుగుర్ని దోషులన్నారు, 19న ఉరిశిక్ష వేశారు. తెలంగాణ హైకోర్టు ఆ శిక్షల్ని ఖరారు చేసింది 2025 ఏప్రిల్ 8న. పేలుడుకీ ఆ తీర్పుకీ మధ్య పన్నెండేళ్లు. కాలు పోయినవాళ్లు ఆ పన్నెండేళ్లూ ఎలా గడిపారో తీయడానికి ఫైరింజను అక్కర్లేదు. అందుకేనేమో ఎవరికీ తట్టలేదు. స్క్రిప్టులో అదంతా ఒక్క వాక్యం, చివర్లో నల్ల తెర మీద తెల్ల అక్షరాలు.

నన్ను వాడిన సీనూ ఎడిటింగ్‌లో చాలావరకు పోయింది. స్టాండు వేసే కాలు, వెనక చక్రం మిగిలాయి. ఆ కాలు నటుడిది. పాలవాడి చెప్పులు అలా ఉండవు.

ఇప్పుడు గోదాములో విరిగిన సింహాసనం పక్కన పడున్నాను. నిన్న ఎవరో కాలేజీ ప్రేమకథ వాళ్లు వచ్చారు, హీరోయిన్ కూర్చోడానికి సైకిల్ కావాలట. గోదాము కుర్రాడు నన్ను కాలితో తన్ని చూపించాడు. ‘బ్లాస్టు సైకిల్ ఉంది గదన్నా, నీలం రంగేస్తే సరిపోతది’ అన్నాడు. స్టాండు స్ప్రింగు సెట్టు మీదే తెగిపోయిందని వాడికి తెలీదు. ఆ పిల్లను కూర్చోబెట్టే ముందైనా ఎవరో ఒకరు చూసుకోండి.